ఆడనివాడు ఓడడు

కర్ణుని గురించి తెలుగువారికి రెండు సామెతలు ఉన్నవి. ‘కర్ణుడు లేని భారతము’ అన్నది ఒకటి. ‘కర్ణుని చావుకు కారణాలు అనేకము’ అన్నది మరొకటి. ఉండవలసిన ఒక్కడు లేనందువల్ల కథ యావత్తూ చప్పబడిపోయినదని చెప్పేది మొదటిది. ఒక పతనమునకు ఒకే కారణమును చూపి తృప్తి చెందరాదని హెచ్చరించేది రెండవది. మన జట్టు ఓడిపోయిన మరునాటి ఉదయమున టీ అంగళ్ళ వద్దను, బస్సు నిలిచే చోట్లను, బడులలో ఉపాధ్యాయుల గదులలోను వినిపించేది ఎప్పుడూ మొదటి సామెతయే. “ఫలానావాడిని తీసుకొని ఉంటేనా!” అని ఒకరు నిట్టూరుస్తారు, పదిమంది తల ఊపుతారు. రెండవ సామెత ఆనాడు ఎవరికీ గుర్తుకు రాదు.

మడకశిర వంటి ఊరిలో ఈ చర్చకు రుచి మరికొంత ఎక్కువ. కన్నడ సీమ అంచున ఉన్న ఊరు. ఒకే అరుగు మీద రెండు భాషలు నడుస్తాయి. ఒకే ఇంటిలో బెంగుళూరు జట్టును అభిమానించే అన్న, హైదరాబాదు జట్టును అభిమానించే తమ్ముడు కనిపిస్తారు. 2016 మే 29న బెంగుళూరులోనే జరిగిన ఐ.పి.ఎల్. ఫైనల్‌లో హైదరాబాదు జట్టు 8 పరుగుల తేడాతో గెలిచినది. అటువంటి పోటీ నాడు ఈ అన్నదమ్ములు రెండు పక్షములవుతారు. భారత జట్టు ఓడిన నాడు మాత్రము ఇద్దరూ ఒకటై జట్టును ఎన్నుకొన్నవారి మీదికి వెళతారు. పొరుగున ఉన్న అనంతపురములోనే 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినవి. దేశపు జట్టులో స్థానమునకై ఎదురుచూచేవారు తమ్ము తాము నిరూపించుకొనే పోటీలు అవి. అందుచేత ఎంపిక అన్నది ఇప్పుడు ఈ సీమ బాలురకు ఎక్కడో బొంబాయి గదిలో జరిగే రహస్యమువలె తోచదు. తమ గడప వద్దకు వచ్చిన విషయమువలె తోస్తుంది.

ఈ చర్చలన్నింటిలోను తెలుగువారి హృదయమునకు మిక్కిలి దగ్గరగా తాకినది 2019 నాటిది. ఆ ఏడు జూలై 9, 10 తేదీలలో మాంచెస్టరు నగరములో ప్రపంచ కప్పు సెమీఫైనల్ జరిగినది. వాన కారణముగా ఒక రోజు ఆట రెండు రోజులకు సాగినది. న్యూజిలాండు 8 వికెట్లకు 239 పరుగులు చేసినది. మన తొలి ముగ్గురు బ్యాట్స్‌మెన్ రాహుల్, రోహిత్ శర్మ, విరాట్ కోహ్లీ తలా ఒక్క పరుగు చేసి వెనుదిరిగినారు. 5 పరుగులకు 3 వికెట్లు, 24 పరుగులకు 4 వికెట్లు పడినవి. రవీంద్ర జడేజా 77, ధోనీ 50 పరుగులు చేసి ఆశను నిలిపినారు గాని, 221 పరుగులకు అందరూ అవుటయినారు. ఓటమి 18 పరుగుల తేడాతో. ఆ రాత్రికే తెలుగు నాట ఒక్క పేరు మారుమ్రోగినది. అది గుంటూరు బిడ్డ అంబటి రాయుడు పేరు.

అభిమానుల వాదము ఊరక పుట్టినది కాదు. 2018 అక్టోబరులో బొంబాయిలో వెస్టిండీసు మీద రాయుడు శతకము చేసినప్పుడు, ప్రపంచ కప్పు వరకు అతనికి అండగా నిలువవలెనని నాయకుడు కోహ్లీయే బహిరంగముగా అన్నాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టనులో ఇదే న్యూజిలాండు మీద మన జట్టు 18 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకొన్నప్పుడు రాయుడు 90 పరుగులు చేసి ఆటను నిలబెట్టినాడు, మనము గెలిచినాము. ఆనాడు వికెట్లు కూల్చిన హెన్రీ, బౌల్టులే అయిదు నెలల తరువాత మాంచెస్టరులోను బంతులు వేసినారు. ‘18కి 4 నాడు నిలిచినవాడు 24కి 4 నాడు నిలువడా?’ అని అభిమాని అడిగితే ఆ ప్రశ్నలో కొంత న్యాయము లేకపోలేదు.

అయితే రెండవ పక్షపు వాదము కూడ వినవలెను. వెల్లింగ్టనులో రాయుడుతోపాటు నిలిచి 45 పరుగులు చేసినవాడు విజయ్ శంకర్; రాయుడుకు బదులుగా ఎంపికైనవాడు అతడే. తరువాత మార్చి నెలలో స్వదేశములో ఆస్ట్రేలియా మీద రాయుడు వరుసగా చేసినవి 13, 18, 2 పరుగులు. ఏప్రిల్ 15న జట్టును ప్రకటించిన ఎంపిక సంఘపు అధ్యక్షులు ఎమ్మెస్కే ప్రసాద్‌గారు కూడ గుంటూరువారే కావడము ఈ కథలోని విచిత్రము. ఒకే జిల్లా మట్టిలో పుట్టిన ఇద్దరిలో ఒకరు ఎన్నుకొనేవారు, మరొకరు ఎన్నిక కానివారు. కనుక ప్రాంతాభిమానము అన్న మాట ఇక్కడ ఎటువైపూ చెల్లదు. విజయ్ శంకర్ బ్యాటుతోనే కాక బంతితోను, ఫీల్డింగులోను ఉపయోగపడతాడని, మూడు పార్శ్వములు గల ఆటగాడని ప్రసాద్‌గారు కారణము చెప్పినారు. మరునాడు రాయుడు, ప్రపంచ కప్పు చూచుటకు మూడు పార్శ్వముల కళ్ళద్దములు తెప్పించుకొంటున్నానని ఎత్తిపొడుపుగా వ్రాసినాడు. ఆ ఒక్క పరిహాసము తరువాతి చర్చకంతకు తాళమువేసినది.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. మాంచెస్టరు సెమీఫైనల్‌కు ముందు జరిగిన తొలి దశలో మన జట్టు 7 ఆటలు గెలిచి, ఒక్కటి మాత్రమే ఓడి, పట్టికలో అగ్రస్థానమున నిలిచినది. ఆ వారములలో నాలుగవ స్థానమును గూర్చిన ప్రశ్న ఎంతమంది అడిగినారు? జూలై 3న రాయుడు ఆట నుండి విరమించుకొంటున్నానని ప్రకటించినాడు. సానుభూతి వచ్చినది గాని కోపము రాలేదు. వారము గడవక ముందే ఆ సానుభూతి ఉగ్రకోపముగా మారినది. ఎంపిక ఏప్రిల్‌లో జరిగినది. అది తప్పయితే ఏప్రిల్‌లోనే తప్పు, ఒప్పయితే ఏప్రిల్‌లోనే ఒప్పు. జూలైలో ఒక బంతి ప్యాడుకు తగులుటవల్ల ఏప్రిల్ నాటి నిర్ణయపు గుణము మారదు. అంతేకాదు, రాయుడును కాదని తీసుకొన్న విజయ్ శంకర్ కాలి వ్రేలి గాయముతో అప్పటికే ఇంటిదారి పట్టినాడు. సెమీఫైనల్‌లో అతడు ఆడనే లేదు. నాలుగవ స్థానమున వచ్చిన రిషభ్ పంత్ చేసినది 32 పరుగులు. ముందు వచ్చిన ముగ్గురూ కలిసి చేసినది 3. అయినను నింద నాలుగవ స్థానము మీదికే వెళ్ళినది. ఏలయనగా మొదటి ముగ్గురిని తీసుకొనరాదని అనగల ధైర్యము ఎవరికున్నది?

ఆడినవానికి లెక్క ఉన్నది. ఆడనివానికి లెక్క లేదు. ఆడినవాడు 6 పరుగులు చేసినాడని పత్రిక అచ్చు వేస్తుంది. ఆడనివాడు మన ఊహలో ఎప్పుడూ శతకమే చేస్తాడు. ఒక్కసారి కూడ క్యాచి వదలడు, ఒక్కసారి కూడ రనౌటు కాడు. ఆడనివాడు ఓడడు. ఈ భ్రాంతియే ఓటమి తరువాతి చర్చలలో సగము కలహమునకు మూలము.

మన భారత కథ ఈ భ్రాంతిని ఏనాడో పరీక్షించి చూచినది. తిక్కనగారి ఉద్యోగ పర్వము చదివిన విద్యార్థులకు ఆ ఘట్టము తెలిసే ఉంటుంది. యుద్ధమునకు ముందు దుర్యోధనుడు భీష్ముని ఇరుపక్షముల యోధుల బలాబలములు చెప్పుమంటాడు. రథులెవరు, అతిరథులెవరు అని భీష్ముడు లెక్కించుకొంటూ వచ్చి, కర్ణుని దగ్గరకు వచ్చేసరికి అర్ధరథుడు అంటాడు. కారణాలు కూడ చెబుతాడు. సహజ కవచ కుండలములు పోయినవి, గురుశాపము ఉన్నది. ఆ కారణాలు అబద్ధములు కావు. కాని నిండు సభలో చెప్పిన తీరు కర్ణుని గుండెను కోసినది. భీష్ముడు పడేవరకు అస్త్రము పట్టనని అతడు శపథము చేసి తొలగినాడు. పదిరోజులపాటు కౌరవ శిబిరములో ప్రతి సాయంకాలము ‘కర్ణుడుంటేనా!’ అన్న నిట్టూర్పు వినిపించి ఉండవలెను. భీష్ముడు పడిన తరువాత కర్ణుడు వచ్చినాడు. ద్రోణుని కింద పోరాడినాడు. ద్రోణుని తరువాత తానే సేనాపతియై రెండు రోజులు నడిపి, పదిహేడవ నాడు నేలకొరిగినాడు. కర్ణుడు ఉన్నాడు, అయినను ఓటమి తప్పలేదు. వాస్తవ జీవితములో తప్పిపోయినవాని పరీక్ష సామాన్యముగా జరుగదు. భారతములో జరిగినది. అందుకే ఆ రెండు సామెతలూ ఒకే వ్యక్తి పేరు మీద నిలిచినవి కాబోలు.

అయితే ఎంపికను ఎవరూ ప్రశ్నింపరాదా? అట్లు కాదు. ఈ సీమ రైతునకు ఈ తర్కము కొత్తది కాదు; అతనిని అడిగితే మంచి సమాధానమే దొరుకుతుంది. అనంతపురపు మెట్టలో సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురుస్తుంది. తొలకరిలో రైతు విత్తనమును ఎన్నుకొంటాడు. వేరుసెనగ వేయవలెనా, కొర్ర వేయవలెనా? ఆ ఎన్నిక నాటికి ముందు వచ్చే వానలేవో, రానివేవో తెలియదు. పూత దశలో వాన ముఖము చాటువేసి పైరు మాడినప్పుడు అరుగు మీద కూర్చున్నవారు ‘కొర్ర వేసి ఉండవలసినది’ అని తీర్పు చెబుతారు. వానను చూచిన తరువాత విత్తనమును ఎన్నుకొనే వీలున్నచో ఈ సీమలో ఏ రైతూ అప్పులపాలు కాడు! అయినను రైతునకు అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. వేరుసెనగ సాళ్ళ నడుమ కంది సాళ్ళు వేసినావా? ఒకటి పోయినా ఒకటి నిలిచే ముందుచూపు ఉన్నదా? ఈ ప్రశ్న వాన మీద ఆధారపడినది కాదు. విత్తిన నాడే అడగవచ్చు.

2019 నాటి నిర్ణయమును ఈ కంది సాలు ప్రశ్నతో పరీక్షించినచో అభిమానుల ఫిర్యాదులో గట్టి గింజ ఒకటి మిగులుతుంది. విజయ్ శంకర్ గాయపడినప్పుడు ఇంగ్లండుకు పిలిపించినది మయాంక్ అగర్వాల్‌ను. అతడు సమర్థుడే; కాని అప్పటికి భారత జట్టు తరఫున ఒక్క వన్డే కూడ ఆడినవాడు కాడు. 55 వన్డేలలో 47 పరుగుల సగటుతో 1694 పరుగులు చేసిన రాయుడు ఇంటివద్దనే ఉన్నాడు. ఏప్రిల్ నిర్ణయమునకు కారణము కనిపిస్తుంది. జూలై మొదటి వారపు నిర్ణయమునకు కారణము వెదకవలసి వస్తుంది. ఓటమితో నిమిత్తము లేకుండ నిలిచే విమర్శ ఇది. ఆగస్టులో రాయుడు తన విరమణను ఉపసంహరించుకొన్నాడు. కాని భారత జట్టు నుండి మరల పిలుపు రాలేదు.

అంతకు పూర్వము 2003లోను ఇటువంటి గాథయే జరిగినది. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేసి చరిత్ర సృష్టించిన హైదరాబాదు కళాకారుడు వి.వి.యస్. లక్ష్మణ్‌కు ఆ ప్రపంచ కప్పు జట్టులో చోటు దొరకలేదు. దినేష్ మోంగియా వెళ్ళినాడు. తొలి దశలో ఆస్ట్రేలియా చేతిలో మన జట్టు 125 పరుగులకే కూలినప్పుడు అభిమానుల చర్చ చర్చగా మిగలలేదు; అలహాబాదులో మహమ్మద్ కైఫ్ ఇంటి మీద దాడి జరిగినది. అదే జట్టు ఆ పిమ్మట వరుసగా 8 ఆటలు గెలిచి ఫైనల్‌కు చేరినది. మార్చి 23న జోహాన్నెస్‌బర్గులో ఆస్ట్రేలియా 2 వికెట్లకు 359 పరుగులు చేయగా, 125 పరుగుల తేడాతో ఓడినాము. మరల లక్ష్మణ్ పేరు వినిపించినది. కాని 359 పరుగులు ఇచ్చిన నాటి ఓటమికి బ్యాట్స్‌మన్ ఒక్కడు లేకపోవుటయే కారణమా? లక్ష్మణ్ మాత్రము 2004 జనవరిలో ఆస్ట్రేలియా గడ్డ మీద జరిగిన ముక్కోణపు పోటీలో మూడు శతకములు చేసి తన సమాధానము తాను చెప్పుకొన్నాడు. 134 టెస్టులాడిన ఆయనకు ప్రపంచ కప్పులో ఒక్క ఆట ఆడే భాగ్యము చివరివరకు కలుగలేదు.

ఎంపికను ప్రశ్నించుట కేవలము హక్కు కాక ధర్మమయ్యే సందర్భములు కూడ ఉన్నవి. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు విజయనగర రాజవంశీయులు, ‘విజ్జీ’ అని పేరుపొందిన విజయానంద గజపతిరాజుగారు నాయకులు. 1932లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకత్వము వహించిన కొట్టారి కనకయ్య నాయుడుగారు ఆయన కింద సామాన్య సభ్యులు. నాయకుడును తెలుగువాడే, పక్కకు తప్పింపబడిన మహావీరుడును తెలుగువాడే! మూడు టెస్టులలో రెండు ఓడినాము. మూడు టెస్టులలోను విజ్జీగారు చేసిన మొత్తము పరుగులు 33. ఉత్తమ ఆటగాళ్ళలో ఒకడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మొదటి టెస్టుకు ముందే స్వదేశమునకు పంపివేసినారు. ఆ తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ జరిగినది. 1937లో వెలువడిన నివేదిక విజ్జీగారి నాయకత్వమును తప్పుపట్టి, అమర్‌నాథ్‌కు మద్దతు పలికినది. ఇది ‘ఉంటేనా’ అన్న ఊహ మీద నిలిచిన విమర్శ కాదు. ఆటకు సంబంధించని హోదా ఆటను శాసించినదన్న విమర్శ. గెలిచి ఉన్నా అది తప్పే.

ఈ తారతమ్యము గ్రహించినవారికి ఓటమి పాఠమవుతుంది. అందుకు నిదర్శనము ఒక బడిపంతులుగారు. హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 0–2 తేడాతో ఓడినది. ఇంటివద్ద ఉన్నవారిని తలచుకొని ఆయన నిట్టూర్చలేదు. ఉన్నవారినే కొత్త కన్నుతో చూచినారు. తల పగిలి కుట్లు పడి, వెనుక నుండి బంతిని తలతో ఎదుర్కొనుటకు కష్టమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను సెమీఫైనల్‌లో ముందుకు పంపి గోలు కొట్టేవానిగా ఆడించినారు. ఫ్లూ జ్వరము నుండి కోలుకొన్న తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి గోలు వద్ద నిలిపినారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి మనము స్వర్ణము గెలిచినాము. రెండు గోళ్ళలో ఒకటి కుట్లు పడిన తలతోనే ఆడిన జర్నైల్‌ది. అప్పటికే క్యాన్సరు బాధితులైన రహీమ్‌గారు 1963 జూన్ 11న కన్నుమూసినారు. ఓటమి తరువాత అడగవలసిన ప్రశ్న ‘ఎవడు ఉంటే గెలిచేవారము?’ అన్నది కాదని, ‘ఉన్న ఈ పదకొండుగురిని రేపు ఎట్లు నిలుపుదును?’ అన్నదని ఆయన ఆచరణలో చూపినారు.

మన విద్యార్థులు ఈ చర్చలు చేయకూడదని నేను అనను. తర్కశక్తికి ఇంత చక్కని వ్యాయామము మరొకటి లేదు. అయితే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పిన తరువాతనే వాదింపుమని ఉపాధ్యాయులు నియమము పెట్టవచ్చును. ఎంపిక జరిగిన నాటికి తెలిసిన సంగతులేవి? ఈ అభ్యంతరము నీవు ఆనాడే చెప్పినావా? నీవు చేర్చుమన్నవాని కొరకు ఎవనిని తీసివేస్తావు? ఈ మూడవ ప్రశ్నవద్ద చాల వాదములు ఆగిపోతాయి. జట్టు పదకొండుగురిదే, ఒకనిని పిలుచుట మరొకనిని వదలుకొనుటయే.

ఇంతకంటె పెద్ద బాధ్యత ఉపాధ్యాయుల మీద ఉన్నది. ప్రతి సంవత్సరము మండల స్థాయి పోటీలకు మన బడులలో కబడ్డీ, ఖోఖో, వాలీబాలు జట్లను ఎన్నుకొంటారు. పేర్ల పట్టిక గోడకు అంటించి వెళ్ళిపోవుట వాడుక. ఆ పట్టికలో పేరు లేని బాలుడో బాలికో దానిని రెండుసార్లు చదివి మౌనముగా ఇంటికి పోవుట మనము చూస్తూనే ఉన్నాము. వానలేని ఏడు తల్లిదండ్రులు బెంగుళూరుకు కూలికి పోతే, ఆ బిడ్డను బడికి పట్టి ఉంచే దారములలో ఆట ఒకటి. ఆ దారము తెగినచో బడి కూడ తెగవచ్చు. రాయుడు వంటి ప్రసిద్ధునకు బాధ కలిగితే దేశము వింటుంది. ఎద్దులకొట్టము వెనుక ఏడ్చే పిల్లవాని బాధ ఎవరు వింటారు?

కావున పేరు లేనివారిని పక్కకు పిలిచి, నలుగురిలో కాక ఒంటరిగా, కారణమును నిజముగా చెప్పవలెను. వచ్చే ఏటికి ఏమి నేర్చుకొనవలెనో చెప్పవలెను. భీష్ముని కారణాలు సరియైనవే. సభామధ్యమున అర్ధరథుడన్న ఆ ఒక్క మాటకు కౌరవులు పదిరోజుల మూల్యము చెల్లించినారు. జట్టులోనికి పదకొండుగురిని తీసుకొనుట సులభము. తీసుకొనని పన్నెండవవానిని మైదానమునకు దూరము కాకుండ నిలుపుకొనుటయే గురువుల నేర్పు. వ్యాయామోపాధ్యాయులును, ప్రధానోపాధ్యాయులును ఈ సంవత్సరపు పట్టిక వ్రాసేముందు ఈ విషయమును యోచింతురు గాక.